సూళగిరి అద్దం మీద మూడు వేల బొట్లు

గద్దల్ని చూడటానికి హోసూరు వెళ్తున్నానంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. మన ఊళ్లో గద్దలు లేవా, చేపల బజారులో నిలబడితే నెత్తి మీద తన్ని పోతాయి కదా అన్నారు. ఉన్నాయి. కానీ అవి ఇక్కడే పుట్టి, ఇక్కడి చేప తలకాయలు తిని బతికే గద్దలు. నేను చూడాలనుకున్నవి వేరు. చలి మొదలవగానే మంచు దేశాల నుంచి బయల్దేరి, వేల మైళ్లు ఎగిరి మన పొలాల మీద దిగేవి. అదే కాలంలో గుప్పెట్లో పట్టేంత పాట పిట్టలు కూడా హిమాలయాల వైపు నుంచి దక్షిణానికి వస్తాయి. ముహూర్తం పెట్టుకోవు, వారశూల చూసుకోవు. క్షేమంగానే చేరతాయి, మధ్యలో మనిషి అడ్డం రాకపోతే.

ఈ పిట్టల పిచ్చి నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నది కాదు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి, సాయంత్రాలు సభల్లో వాస్తు మీద, జాతకాల మీద, బాబాల మీద గొంతు చించుకున్నదాన్ని. రెండేళ్ల కిందట మా డాక్టరమ్మ బి.పి. పట్టీ విప్పుతూ, నోరు మూసుకుని చేసే పని ఏదైనా చూసుకోండి అంది. టీవీ పెట్టాను. పొద్దున్నే రాశిఫలాలు. బి.పి. ఇంకా పెరిగింది. పిట్టలు నయమనిపించాయి. వాటితో వాదించాల్సింది ఏమీ ఉండదని అప్పట్లో అనుకున్నాను.

హోసూరే ఎందుకంటే అక్కడ మా శ్రీను ఉన్నాడు. తొమ్మిదో తరగతిలో నా దగ్గర చదువుకున్నాడు. ఇప్పుడు సూళగిరి దగ్గర బండ్లకు బోల్టులు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇంజనీరు. సెప్టెంబరులో ఫోన్ చేశాడు. వాళ్ల ఆఫీసు ముందు గోడంతా కొత్తగా అద్దం పెట్టారట. రెండు మూడు రోజులకు ఒక చిన్న పిట్టయినా దానికి గుద్దుకుని చచ్చిపోతోందట. ఏం చెయ్యమంటారు టీచర్ అని అడిగాడు. నల్ల గద్ద బొమ్మ ఒకటి అద్దానికి అంటించు, చిన్న పిట్టలు భయపడి దూరంగా పోతాయి అని చెప్పాను. ఎప్పుడో ఎక్కడో చదివిన గుర్తు. చాలా ధీమాగా చెప్పాను. ఆ ధీమా ఏమైందో కాసేపట్లో మీరే చూస్తారు.

అక్టోబరులో, ఆయుధపూజకు మూడు రోజుల ముందు, అడిగి తెచ్చుకున్న బైనాక్యులరుతో హోసూరులో దిగాను.

బాగలూరు: చామంతుల మీద గద్ద

మొదటి రోజు శ్రీను నన్ను బండి మీద బాగలూరు వైపు తీసుకుపోయాడు. దారికి ఒక పక్క చామంతి, బంతి, ప్లాస్టిక్ కప్పుల కింద గులాబీ. ఇంకో పక్క కొత్తగా లేచిన రేకుల షెడ్లు. మామూలు రోజుల్లో కిలో నలభైకి అడిగే నాథుడు లేని చామంతి ఆ వారం నూట అరవై పలుకుతోంది. పూజకు ప్రతి లారీకి, ప్రతి మిషనుకు దండ పడాలి కదా.

గట్టు మీద నిలబడి బైనాక్యులరు కళ్లకు పెట్టుకుని, పక్కన పుస్తకం తెరిచాను. పది నిమిషాల్లో నలుగురు రైతులు చుట్టూ చేరారు. మొహాల్లో స్నేహం లేదు. తలపాగా చుట్టుకున్న పెద్దాయన ముందుకొచ్చి, ఏ ఆఫీసు నుంచి వచ్చినారమ్మా, ఈ భూమి కూడా కొలిచేదానికా అని అడిగాడు. ఆ పక్కన భూములకు గిరాకీ అలాంటిది. చేతిలో పుస్తకం, కళ్లకు యంత్రం ఉన్న మనిషి వచ్చిందంటే మరుసటి ఏడాది అక్కడ షెడ్డు లేస్తుందని వాళ్ల అనుభవం. గద్దను చూడటానికి వచ్చానంటే మరింత అనుమానపడ్డారు. ఇంత అబద్ధం ఆడుతోందంటే ఏదో పెద్ద కంపెనీయే అయుంటుందని ఒకాయన తమిళంలో గొణిగాడు. శ్రీను నాకు చెవిలో అర్థం చెప్పాడు.

అదృష్టం అనే మాట నేను వాడను. సరిగ్గా అప్పుడే గద్ద వచ్చింది. ఒళ్లంతా బూడిద తెలుపు, రెక్కల కొసలు మాత్రం సిరాలో ముంచి తీసినట్టు నలుపు. చామంతుల మీద మోకాటి ఎత్తున, రెక్క ఆడించకుండా తేలుతూ, సాలు చివర ఒక్క వంపు తిరిగి పక్క సాలులోకి. పిల్లి గద్ద అంటారు దీన్ని. పురుగుల కోసం, ఎలుకల కోసం వెతుకుతోంది. పెద్దాయన చేతికి బైనాక్యులరు ఇచ్చాను. చాలాసేపు చూశాడు. అనుమానం పోయింది.

ఇది తమకు తెలిసిందేనని, పూలకు ధర వచ్చే కాలంలో ఏటా వస్తుందని చెప్పాడు. నాకు పాత అలవాటు లేచింది. ఇది వస్తేనే ధర వస్తుందా అప్పా అని నిలదీశాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"పండగ వస్తే ధర వస్తుంది కదమ్మా. గద్దకేమి తెలుసు మార్కెట్టు?"

సభ పెట్టకుండానే ఓడిపోయాను. ఆయన నవ్వి నా సంచిలో రెండు దోసిళ్ల చామంతులు పోశాడు.

సూళగిరి: ముద్ద, బొట్టు పెట్టుకున్న గద్ద

రెండో రోజు పొద్దున్నే సూళగిరి కొత్తిమీర సంతకు వెళ్లాం. ఆ వాసన నా చీరకు పట్టి మర్నాటి దాకా వదల్లేదు. ఆరింటికి కట్ట ఇరవై, తొమ్మిదింటికి పన్నెండు, ఎండ ముదిరాక అయిదుకు తీసుకుపొమ్మని బతిమాలారు. అక్కడి ఆడవాళ్లు ధర తమిళంలో చెప్పి, బేరం తెలుగులో ఆడి, తిట్టు మాత్రం కన్నడంలో తిడతారు. ఏ భాషకు ఏ పని బాగా వస్తుందో నూరేళ్ల కిందటే తేల్చుకున్నట్టుంది.

ఒక మెస్సులో రాగిముద్ద, బస్సారు తిన్నాం. ఆకుకూర, పప్పు కలిపి ఉడకబెట్టి, ఆ నీళ్లు వంచి దానితో చేసే పులుసు బస్సారు. మా గుంటూరు నాలుకకు కారం చాలలేదు గానీ మూడుసార్లు పోయించుకున్నాను. ముద్దను నేను అన్నంలాగా నములుతుంటే వడ్డించే ఆమె ఆగి చూసింది. "నమలకూడదమ్మా, మింగల్ల. నమిలితే రాత్రి దాకా ఈడే కూర్చుంటారు," అంది. మింగాను. బాగుంది. సాయంత్రం దాకా ఆకలే వేయలేదు.

అక్కడి నుంచి శ్రీను ఫ్యాక్టరీకి. గేటు లోపల ఒక వరుసలో తొమ్మిది గానుగ చెట్లు, అయిదు వేప చెట్లు. వాటికి ఎదురుగా ఇరవై అడుగుల పొడుగు, పది అడుగుల ఎత్తు అద్దం గోడ. అద్దంలో కూడా పద్నాలుగు చెట్లు, ఆకాశం, మబ్బు. నేనే ఒక్క క్షణం ఏవి నిజం చెట్లో తేల్చుకోవాల్సి వచ్చింది. రాత్రంతా ఎగిరి అలిసి దిగిన పిట్టకు ఏం తెలుస్తుంది?

అద్దం మధ్యలో నా గద్ద ఉంది. శ్రీను స్టిక్కర్ల దుకాణంలో చక్కగా కోయించాడు. దాని నుదుటి మీద కుంకుమ. కింద ఒక మందారం. ముందు ఊదువత్తి బూడిద.

"ఓనరు అద్దం మీద ఏమీ అంటించనివ్వడు టీచర్," శ్రీను నా మొహం చూడకుండా చెప్పాడు. "దీన్ని చూసి గరుత్మంతుడు అనుకున్నాడు. అందుకే ఒప్పుకున్నాడు."

నా శాస్త్రీయ సలహాకు పూజలు జరుగుతున్నాయన్నమాట. ఆ కోపం ఇంకా తీరకముందే ఠప్పున చప్పుడైంది. నా గద్ద రెక్కకు జానెడు దూరంలో ఏదో అద్దానికి గుద్దుకుని కింద పడింది.

వంగి చూశాను. ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం, తోక కింద ఎరుపు, కంటి మీదుగా నల్లటి పట్టీ. పొన్నంకి పిట్ట. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ కూస్తుందని తమిళులు దీన్ని ఆరు మణి కురువి అంటారు. హిమాలయాల అడుగు నుంచి ఇక్కడిదాకా వచ్చి, బోల్టుల ఆఫీసు ముందు నోరు తెరిచి పడి ఉంది. కళ్లు మూసి తెరుస్తోంది. బతికే ఉంది.

గౌరమ్మ చెట్లు

నాకంటే ముందు ఒకామె పరుగెత్తుకొచ్చి దాన్ని కొంగులోకి తీసుకుంది. గౌరమ్మ. కుందారపల్లి మనిషి, యాభై దాటి ఉంటుంది, ఫ్యాక్టరీలో తోటపని, ఊడ్చే పని ఆమెదే. బోల్టుల అట్టపెట్టె తెచ్చి, చీకటిగా మూతపెట్టి, గాలికి రెండు చిల్లులు పొడిచి నీడలో పెట్టింది. నీళ్లు తాగించబోలేదు. పుస్తకాల్లో చెప్పినట్టే చేస్తున్నావే అంటే, ఇన్ని చచ్చినాక బతికించేది నేర్చుకోనా అంది.

మాటల్లో అసలు సంగతి బయటపడింది. గుమ్మం ముందు పిట్టలు చస్తున్నాయని ఓనరు చంద్రప్ప ఒక జ్యోతిష్కుణ్ని పిలిపించాడు. ఆయన గేటు దగ్గర నిలబడి, ఈ చెట్లు తూర్పుకు అడ్డం, చావును పిలుస్తున్నాయి, పూజ అయిన మర్నాడే కొట్టేయించండి అని చెప్పిపోయాడు. చెట్లు కోసేవాళ్లకు కబురు వెళ్లిపోయింది. మధ్యలో ఇంక రెండు రోజులే.

"ఎనిమిదేండ్ల కింద నాటినానమ్మా," గౌరమ్మ ఒక గానుగ మీద చెయ్యి వేసి చెప్పింది. "అప్పుడు ఈడ బోరు కూడా లేదు. ఆడ ఆ హైవే పక్క ట్యాంకు కాడి నుంచి బిందెతో మోసినాను. పిట్ట చస్తే చెట్టునేమి చేస్తారు? చెట్టేమన్నా పోయి పిట్టను కొట్టిందా?"

ముప్పై ఏళ్లలో ఇంత సూటి వాదం నేను ఏ వేదిక మీదా వినలేదు.

నేరుగా చంద్రప్ప గదిలోకి వెళ్లాను. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు వ్యాపారుల ఇంటివాడు, మెత్తటి మనిషి. కాఫీ తెప్పించాడు. నేను అరగంట మాట్లాడాను. అద్దంలో ప్రతిబింబం ఎలా ఏర్పడుతుందో, పిట్ట దాన్ని చెట్టే అని ఎలా పొరబడుతుందో, మొలిచే చెట్లకు చావును పిలిచే పని ఎవరు అప్పగించారో, జ్యోతిష్కుడు చెట్లను చూసి అద్దాన్ని ఎందుకు చూడలేదో అన్నీ చెప్పాను. బాగా మాట్లాడానని నాకే అనిపించింది. ఆయన చివరి దాకా విని తలూపాడు.

"మీరు చెప్పేదంతా కరెక్టేనమ్మా. నేను కాదనలేదు కదా. కానీ మా అమ్మకు నిద్ర లేదు. వాకిట్లో పిట్ట చచ్చింది చూసినప్పటి నుంచి అన్నం సరిగ్గా తినలేదు. ఎనభై ఏండ్ల మనిషికి నేను ప్రతిబింబం గురించి యేమి చెప్పేది?"

అద్దం మీద కాగితాలు అంటిద్దామన్నాను. ఒప్పుకోలేదు. పెద్ద కంపెనీల వాళ్లు సరుకు చూడటానికి వస్తారు, పాత పేపర్ల దుకాణంలాగా కనబడుతుంది అన్నాడు. కాఫీ అయిపోయింది, వాదన అయిపోయింది. చెట్లు అలాగే పోబోతున్నాయి.

బయటికి వచ్చి కోపంగా అద్దం ముందు అటూ ఇటూ నడిచాను. కోపంలో కూడా కళ్లు పనిచేస్తాయి. అద్దానికి గుద్దుకున్న పిట్ట తన ఈకల పొడి అక్కడ వదిలిపెడుతుంది. పక్కవాటుగా చూస్తే సన్నగా రెక్కల అచ్చులు కనబడతాయి. పదకొండు లెక్కపెట్టాను. వాటిలో రెండు నా గద్ద పక్కనే ఉన్నాయి. చిన్న పిట్ట కదలని బొమ్మకు భయపడదు, దాని పక్క నుంచి పోతుంది. పరీక్షించకుండా నమ్మి, నమ్మినదాన్ని ఇంకొకరికి చెప్పాను. ఇదే పని చేసినందుకు నేను ఎంతమందిని సభల్లో నిలబెట్టి అడిగానో గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. శ్రీను దగ్గర తప్పు ఒప్పుకున్నాను. వాడు సంతోషంగా క్షమించాడు. తొమ్మిదో తరగతి నుంచి ఎదురుచూస్తున్నాడేమో.

ఇంకొకటి కూడా చూశాను. కుడివైపు చివరి పలక మీద ఒక్క అచ్చు కూడా లేదు. వాచ్‌మన్ గదికి సున్నం వేసినప్పుడు దాని మీద తెల్లటి చుక్కలు చిందాయట, గోకినా పూర్తిగా పోలేదట. చూశాను, పుస్తకంలో రాసుకున్నాను, అంతే. అది ఎందుకు పనికొస్తుందో అప్పుడు తట్టలేదు.

సాయంత్రం గౌరమ్మ పెట్టె మూత తీసింది. పిట్ట ఒక్క క్షణం మమ్మల్ని చూసి, చెట్ల వెనక పొదల్లోకి పోయింది.

కృష్ణగిరి కొండ

మూడో రోజు కృష్ణగిరి కొండ ఎక్కాను. మోకాళ్లు నొచ్చాయి, గాలికి గొడుగు ఒకసారి తిరగబడింది, సగం దారిలో కోతి నా అరటిపళ్లు తీసుకుంది. కానీ పైకెక్కాక అదంతా మర్చిపోయాను. కింద మామిడి తోటలు, డ్యాము నీళ్లు, తాడులాగా హైవే. గాలి బండల్ని కొట్టి పైకి లేస్తుంటే దాని మీద ఒక చిన్న డేగ, రెక్కలు వణికిస్తూ, ఉన్నచోటే నిలబడింది. ఆకాశంలో మేకు కొట్టి తగిలించినట్టు. దానికి పైన చాలా ఎత్తులో రెండు పెద్ద గద్దలు గుండ్రాలు తిరుగుతూ దక్షిణానికి జరిగిపోయాయి. ఒక బండ మీద ఇండిగో రంగు పిట్ట ఒకటి ఒంటరిగా కూర్చుని గొంతులోనే ఏదో పాడుకుంటోంది. అది కూడా మంచు కొండల నుంచి వచ్చినదే. ప్రతి ఏడూ అదే బండ మీదికి వస్తుందని మేకలు కాస్తున్న ముసలాయన చెప్పాడు.

ఆయనకు తమిళం, నాకు తెలుగు. అయినా మాట సాగింది. రాగి వెన్ను తీసేటప్పుడు ఇవన్నీ వస్తాయట, మామిడి పిందె రాలేటప్పుడు వెళ్లిపోతాయట. ఏ పంచాంగంలో ఉంది తాతా అని అడిగాను. తన కంటి కింద వేలు పెట్టి చూపించి నవ్వాడు. ఆయన్ని ఏ సభకైనా అధ్యక్షుణ్ని చెయ్యొచ్చు.

నాకు మాత్రం ఆ ఆనందం పూర్తిగా నిలవలేదు. డేగను చూసిన ప్రతిసారీ స్టిక్కరు గుర్తొచ్చింది. చెట్టును చూస్తే గౌరమ్మ బిందె గుర్తొచ్చింది.

కుందారపల్లి: లారీ అద్దం

కొండ కింద ఆగి ఉన్న శ్రీను బండి మీద తిరిగి వస్తూ కుందారపల్లి దగ్గర టీకి ఆగాం. అక్కడ ఒక లారీ డ్రైవరు మర్నాటి పూజకు బండిని కడిగి తయారుచేస్తున్నాడు. ముందు అద్దం మీద గంధం, విభూతి, కుంకుమ బొట్లు వరసగా పెట్టుకుంటూ పోతున్నాడు. నేను ఊరుకోలేకపోయాను. అద్దం నిండా బొట్లు పెడితే దారి కనబడుతుందా నాయనా అన్నాను.

"నాకు కనబడేంత వదిలినాను కదమ్మా," అన్నాడు, డ్రైవరు కూర్చునే వైపు చూపించి. "మిగతాది ఎదురొచ్చేవాడికి కనబడాలని."

టీ గ్లాసు అక్కడే పెట్టేశాను. సున్నం చిందిన పలక. చుక్కలు. పిట్టకు గద్దతో పని లేదు, అక్కడ గోడ ఉందని తెలిస్తే చాలు. అద్దం బయటివైపు నాలుగేసి వేళ్ల ఎడంతో తెల్లటి చుక్కలు పెడితే అందులో కనబడే చెట్ల మధ్య నుంచి దూరిపోయే సందు ఉండదు. ఆయుధపూజ నాడు అద్దానికి బొట్టు పెడతామంటే దక్షిణాదిలో ఏ ఫ్యాక్టరీ ఓనరూ వద్దనడు.

శ్రీను ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఓనరుకు పూజ అనే చెబుదాం టీచర్, మిగతాది మనకెందుకు అన్నాడు. అక్కడ నాకు ముల్లు గుచ్చుకుంది. మిషన్లకు బొట్లేమిటని ఎన్ని వ్యాసాలు రాశానో నాకే తెలియదు. ఇప్పుడు ఆ బొట్టు చాటున దూరి పని జరుపుకోవాలా? అబద్ధంతో చెట్టును కాపాడితే, రేపు ఇంకో అబద్ధంతో ఇంకొకడు దాన్ని కొట్టిస్తాడు. చెబితే నిజమే చెబుతాను, లేకపోతే రాను అన్నాను.

ఆ సాయంత్రమే చంద్రప్ప దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. ఇది పూజ కాదని, పిట్టకు గోడ కనబడేలా చేసే ఉపాయమని, చుక్కలు సున్నంతో పెట్టినా ఇదే పని చేస్తాయని, ఈసారి ఎక్కడో చదివి చెప్పడం లేదని, వాళ్ల అద్దం చివరి పలకే దీనికి సాక్ష్యమని. ఆయన లేచి వెళ్లి ఆ పలకను పక్కవాటుగా చూసి వచ్చాడు.

"మీరు ఉపాయం అనుకోండి, మా అమ్మ పూజ అనుకుంటుంది. కానీ సున్నం వద్దు, విభూతి పెట్టండి. దీపావళి దాకా చూస్తాను. అంతలో పిట్ట చస్తే చెట్లు పోతాయి. సరేనా?"

సరే అన్నాను. జ్యోతిష్కుడు ఎప్పుడైనా ఇలా గడువు పెట్టి పరీక్షకు నిలబడ్డాడా అని అడగబోయి, డాక్టరమ్మను తలుచుకుని ఆగాను.

పూజ రోజు

నాలుగో రోజు తెల్లవారేసరికి ఫ్యాక్టరీలో పండగ. మిషన్లకు పసుపు, దండలు. ఒక మూల బొరుగులు, పుట్నాలు పొట్లాలు కడుతున్నారు. గౌరమ్మ పెద్ద బేసిన్‌లో విభూతి కలిపింది. వానకు తొందరగా కారకుండా గంజి పోసింది. ఏటా వాకిలికి తాను ఒక బొట్టు పెడుతూనే ఉన్నానని, ఒకటి పెట్టే చోట వెయ్యి పెడితే దేవుడు వద్దంటాడా అని నవ్వి, ఇంకో గిన్నె తీసి నా చేతిలో పెట్టింది. నేను వెనక్కి జరిగాను. లెక్క చూస్తాను, ఎడం సరిచూస్తాను అన్నాను.

"లెక్క శ్రీను చూస్తాడు. చెట్లు కావాలన్నది నోరా, చెయ్యా?"

గిన్నె తీసుకున్నాను.

మొదటి బొట్టు చంద్రప్ప తల్లి పెట్టింది. వంగిపోయిన మనిషి. ఇన్ని బొట్లు పెడితే ఇంక ఏ దోషం నిలుస్తుంది అంది. నా నాలుక చివరి దాకా జవాబు వచ్చింది. ఆమె కళ్ల కింద నల్లటి వలయాలు చూసి మింగేశాను, ముద్దను మింగినట్టే. తర్వాత ఆరుగురం, పైవరసలకు నిచ్చెన వేసుకుని, మధ్యాహ్నం దాకా పెట్టాం. మూడు వేల చిల్లర. పూర్తయ్యాక దూరం నుంచి చూస్తే వికారంగా ఉంటుందనుకున్నాను. ఏదో చుక్కల చీర ఆరేసినట్టు బాగానే ఉంది. గద్ద స్టిక్కరు గీకేద్దామంటే మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. గరుత్మంతుడు ఉండిపోయాడు.

హారతి అయ్యాక గేటు ముందు బూడిద గుమ్మడికాయ కొట్టారు. దిష్టి గుమ్మడికాయ ముక్కల మీద జారి ఎంతమంది కాళ్లు విరగ్గొట్టుకుంటున్నారో అని శ్రీనుకు చెబుతూ, ఒక ముక్క మీద కాలేసి నేనే దబ్బున కూర్చుండిపోయాను. వాక్యం మధ్యలో ఆగిపోయింది. దెబ్బ పెద్దగా తగల్లేదు. చంద్రప్ప తల్లి ఆ వారంలో మొదటిసారి నవ్విందని తర్వాత చెప్పారు.

సాయంత్రం బొరుగులు తింటూ చెట్ల కింద కూర్చున్నాం. మిషన్లకు ఆ రోజు సెలవు కాబట్టి పిట్టల చప్పుడు బాగా వినబడుతోంది. గానుగ కొమ్మల్లో బొటనవేలంత ఆకుపచ్చ పిట్ట ఒకటి పురుగులు ఏరుకుంటూ ఉండి, ఉన్నట్టుండి అద్దం వైపు దూసుకుపోయింది. గౌరమ్మ లేచి నిలబడింది. చంద్రప్ప చేతిలో పొట్లం ఆగిపోయింది. అద్దానికి మూరెడు దూరంలో పిట్ట గాలిలోనే ఆగి, రెక్కలు కొట్టి, పక్కకు తిరిగి వేప చెట్టులోకి వెళ్లిపోయింది.

చంద్రప్ప ఫోను తీసి, రేపు రావద్దు, నేను చెప్పినప్పుడు రండి అని చెట్లు కోసేవాళ్లకు చెప్పాడు.

చెట్ల వెనక పొదల్లోంచి రెండు స్వరాల ఈల వినబడింది. పొన్నంకి పిట్ట. అందరూ గడియారాలు చూసుకున్నారు. ఆరు దాటి ఎనిమిది నిమిషాలు. ఇంత దూరం వచ్చింది కదా, లేటయినా జీతం కోయకండి సార్ అన్నాడు శ్రీను.

ఇంటికొచ్చాక

ఇంటికొచ్చిన వారానికి సూళగిరిలో పెద్ద వాన పడి బొట్లు సగం కారిపోయాయి. నేను ఇక్కడ కూర్చుని గాభరాపడుతుంటే, గౌరమ్మ అక్కడ ఎవరినీ అడక్కుండా మళ్లీ పెట్టేసిందని శ్రీను చెప్పాడు. దీపావళి దాటింది. అద్దం ముందు ఒక్క పిట్టా పడలేదు. తర్వాత చంద్రప్పే తెల్ల పెయింటు తెప్పించి, వానకు పోకుండా చుక్కలు వేయించాడు. విభూతి పెయింటుగా మారినందుకు నేను రెండు రోజులు గర్వపడ్డాను. సత్యం తన పని చేసుకుంటుంది, కాస్త ఓపిక పట్టాలి అని ఒక వ్యాసం కూడా మొదలుపెట్టాను.

మొన్న శ్రీను ఫోను నుంచి గౌరమ్మ చేసింది.

"మీకు ఈడ మా కంపెనీ కాడ పెద్ద పేరొచ్చింది అమ్మా. ఆంధ్రా నుంచి ఒక పెద్దమ్మ వచ్చి దోషం తీసింది, అప్పటి నుంచి పిట్ట చావలేదు అంటా ఉన్నారు. ఓనరు వాళ్ల అమ్మ కూడా అందరికీ అదే చెప్తా ఉంది. పక్క కంపెనీలో కూడా అద్దం ఉంది కదా, ఆడ కూడా చెట్లు కొట్టేస్తాము అంటా ఉంటే, ముందు ఆ అమ్మను పిలిపించండి అని నేనే చెప్పినాను. కారు పంపిస్తారంట. దక్షిణ యెంత అని అడగతా ఉన్నారు."

దోషం తీసే అమ్మను. నేను. చెవుల్లో రక్తం కొట్టుకుంటున్న చప్పుడు నాకే వినబడింది. డ్రాయరులో బి.పి. మాత్ర వెతుకుతూ, ఆ కంపెనీలో చెట్లెన్ని గౌరమ్మా అని అడిగాను.

పదకొండు అంది. రెండు చింత చెట్లు కూడా ఉన్నాయట.

మాత్ర వేసుకుని, నీళ్లు తాగి చెప్పాను. కారు వద్దు, దక్షిణ మాట ఎత్తొద్దు, బస్సులో వస్తాను. కానీ దోషమూ లేదు, తీయడమూ లేదని వాళ్లందర్నీ కూర్చోబెట్టి ఒక గంట మాట్లాడతాను, దానికి ఒప్పుకుంటేనే వస్తాను.

"మాట్లాడండమ్మా, యెవరొద్దన్నారు?" అంది గౌరమ్మ. "ముందు బొట్లు పెట్టేసి మాట్లాడండి."